అవతలివారు తప్పు చేసినా మీరు పడకుండా: నెల్లూరు, ప్రకాశం దారుల్లో మోటారు సైకిలు నడిపేవారికి సమగ్ర మార్గదర్శి

"నేను నిదానంగానే వెళుతున్నాను, తప్పంతా కారువాడిదే, అయినా వెంట్రుకవాసిలో తప్పింది. ఇంకేం చేయాలి?" ఒంగోలు, కావలి, నెల్లూరు దారుల్లో రోజూ తిరిగే పాఠకులు కొంతకాలంగా ఇదే ప్రశ్నను రకరకాలుగా అడుగుతున్నారు. అవతలివారి నడకను మనం దిద్దలేము. వారు తప్పు చేసే క్షణానికి మన బండి ఎక్కడ ఉంది, ఎంత వేగంలో ఉంది, తప్పుకోవడానికి ఎంత ఖాళీ మిగిలింది అన్న మూడు విషయాలు మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంటాయి.

కింద చెప్పినవాటిని వరుసగా అలవరచుకోవాలి. మొదటి నాలుగు భాగాలు వదిలేసి ఆరో భాగంలోని బ్రేకు మెళకువ ఒక్కటే నేర్చుకున్నవారికి, దాన్ని వాడే అవకాశం కూడా చిక్కకపోవచ్చు.

1. బయలుదేరే ముందు బండిని చూసుకునే పద్ధతి

వారానికి ఒకసారి, ఉదయం బండి తీయకముందు పది నిమిషాలు కేటాయిస్తే చాలు.

- టైర్లలో గాలిని బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎంత ఉండాలో బండితో వచ్చిన పుస్తకంలోనూ, చాలా బండ్లకు చైను కవరు దగ్గరి స్టిక్కరు మీదా ఉంటుంది. వెనుక మనిషి కూర్చుంటే వెనుక టైరుకు వేరే అంకె ఉంటుందన్న సంగతి మరవరాదు.
- టైరు గాడుల అడుగున చిన్న మిట్టలుగా అరుగుదల గుర్తులు ఉంటాయి. రబ్బరు అరిగి ఆ మిట్టలతో సమానమైతే టైరు మార్చాలి.
- ముందు బ్రేకు, వెనుక బ్రేకు విడివిడిగా నొక్కి, రెండింటికీ వెనుక ఎర్ర దీపం వెలుగుతున్నదో లేదో గోడ మీద పడే వెలుతురులో చూడాలి. ముందు బ్రేకు స్విచ్చి పాడై ఆ దీపం వెలగని బండ్లు మీరు అనుకునేదానికన్నా ఎక్కువ.
- చైను మరీ బిగుతుగానూ, మరీ వదులుగానూ ఉండకూడదు.
- రెండు అద్దాలూ ఉండాలి. అద్దంలో మీ మోచేయి అంచున కొద్దిగా కనబడుతూ, మిగతా అంతా వెనుక రోడ్డే కనబడేలా తిప్పుకోవాలి.
- హారను ఒక్కసారి మోగించి చూడాలి.

బండి అందం చెడుతుందని అద్దాలు ఊడదీసి ఇంట్లో పెట్టుకునే కుర్రవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. ఈ వ్యాసంలోని ముఖ్యమైన సలహాల్లో కొన్ని అద్దం చూడడంతోనే మొదలవుతాయి కనుక, అద్దాలు లేనివారికి అవి పెద్దగా ఉపయోగపడవు.

2. ఒంటి మీద ఉండవలసినవి

హెల్మెట్ మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అనే సంఖ్య ఉండాలి. 2021 జూన్ 1 నుంచి ద్విచక్ర వాహనాలకు ఆ ప్రమాణం లేని హెల్మెట్లు తయారు చేయడం, అమ్మడం నిషిద్ధం. అయినా రోడ్డు పక్కన తాళ్లకు వేలాడదీసి అమ్మేవాటిలో అనేకం ఉత్త ప్లాస్టిక్ టోపీలే.

హెల్మెట్ పెట్టుకుని తల అడ్డంగా ఆడించినప్పుడు బుగ్గల చర్మం దానితోపాటు కదలాలి. హెల్మెట్ ఒక్కటే కదిలితే అది మీ కొలత కాదు. గడ్డం కింద పట్టీ బిగించాక రెండు వేళ్లు మాత్రమే పట్టాలి. పట్టీ పెట్టుకోని హెల్మెట్ పడేటప్పుడు మనకన్నా ముందే ఎగిరిపోతుంది.

మే నెల ఎండలో హెల్మెట్ భరించలేమనే మాట నిజమే. లోపల పలుచని నూలు గుడ్డ కట్టుకుని, దాన్ని రోజూ ఉతుక్కుంటే చాలా వరకు సర్దుకుంటుంది.

- వెనుక కూర్చున్నవారికి కూడా హెల్మెట్ ఉండాలి.
- చీర కొంగును, చున్నీని నడుముకు చుట్టి దోపుకున్న తరువాతే బండి కదలాలి. వెనుక చక్రానికి చీర రక్షణ జాలీ ఉండాలి.
- చెప్పులకు బదులు బూట్లు వేసుకోవాలి.
- తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు, నడిపేవారితో కలిపి కట్టే రక్షణ పట్టీ, తలకు సరిపోయే హెల్మెట్ తప్పనిసరి. వారు ఉన్నప్పుడు వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటరాదు. ఈ నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమలులో ఉంది.

3. అవతలివారికి మీరు ఎందుకు కనబడరు

ఈ భాగంలో చేయవలసిన పని చివర చెప్పిన ఒక్కటే. అయితే ఇది అర్థమైతేనే తరువాతి మెట్లు ఎందుకు చెప్పానో తెలుస్తుంది.

మొదటి కారణం కారు నిర్మాణంలోనే ఉంది. ముందు అద్దానికి అటూ ఇటూ ఉండే స్తంభాల వెనుక, కొంత దూరంలో ఉన్న మోటారు సైకిలు మొత్తంగా దాగిపోగలదు. మలుపు తిరుగుతున్న కారు, ఎదురుగా వస్తున్న బండి ఒకే నిష్పత్తిలో కదిలితే, ఆ స్తంభం చివరి వరకూ మిమ్మల్ని దాచుతూనే ఉంటుంది.

రెండో కారణం మన కంటి తీరు. తిన్నగా తనవైపు వస్తున్న సన్నని వస్తువు చూసేవాడికి నిలిచి ఉన్నట్లే అనిపిస్తుంది. వెనుక ఉన్న చెట్లు, దుకాణాల నేపథ్యంలో అది పక్కకు జరగదు, దగ్గరకు వచ్చాక ఒక్కసారిగా పెద్దదవుతుంది. లారీకి ఉండే వెడల్పు మన బండికి లేదు కాబట్టి, కనబడినా మన దూరాన్ని ఎక్కువగా, వేగాన్ని తక్కువగా అంచనా వేస్తారు.

మూడోది, డ్రైవరు దేనికోసం చూస్తున్నాడు అన్నది. రోడ్డు దాటబోయేవాడు బస్సులు, లారీలు వస్తున్నాయా అని వెదుకుతాడు. అవి లేవని తేలగానే రోడ్డు ఖాళీ అనుకుంటాడు. ప్రమాదం తరువాత "నేను చూడనేలేదు" అని అతడు చెప్పేది చాలాసార్లు అబద్ధం కాదు.

అందువల్ల డ్రైవరు ముఖం మీ వైపు తిరిగిందన్న ఒక్క ఆధారంతో ముందుకు వెళ్లకూడదు. అతడి కారు ముందు చక్రాన్ని చూడాలి. చక్రం తిరగడం మొదలైందా లేదా అన్నది ముఖం కన్నా ముందుగా, నికరంగా తెలుస్తుంది.

4. చోటు, ఎడం, వేగం

4.1 వరుసలో ఎక్కడ ఉండాలి

రోడ్డు ఎడమ అంచును పట్టుకుని పోతే క్షేమమని మన పెద్దలు నేర్పారు. ఇసుక, గులకరాళ్లు, కుక్కలు, ఎదురు దారిలో వచ్చే బండ్లు అన్నీ ఆ అంచునే ఉంటాయి. పైగా అక్కడ ఉన్నంతసేపూ వెనుక కార్లు మీ పక్కనే ఇరికించుకుని దాటిపోతాయి. ఎడమ వరుసలోనే ఉంటూ, ఆ వరుసకు నడుమన లేదా నడిమికి కొంచెం కుడిగా నడపాలి. వెనుక పెద్ద వాహనం వేగంగా వస్తుంటే మాత్రం ముందే అద్దంలో చూసి, దానికి దారి ఇచ్చి, అది దాటిన తరువాత మళ్లీ మీ చోటికి రావాలి.

4.2 ముందు వాహనానికి ఎంత ఎడం

ముందు వాహనం ఒక స్తంభాన్నో, మైలురాయినో దాటగానే "నూట ఒకటి, నూట రెండు, నూట మూడు" అని తొందరపడకుండా లెక్కించాలి. మూడో అంకె పూర్తి కాకముందే మీరు ఆ గుర్తును చేరితే మరీ దగ్గరగా ఉన్నట్లే. వానలో, రాత్రివేళ "నూట ఐదు" వరకు పెంచాలి. ఆ ఖాళీలోకి ఎవరో ఒకరు దూరుతారన్నది నిజం. దూరినప్పుడు మళ్లీ వెనక్కి తగ్గాలి. ఒంగోలు నుంచి నెల్లూరు చేరేసరికి ఇలా తగ్గినందువల్ల పోయేది నాలుగైదు నిమిషాలే.

4.3 వేగానికి, ఆగే దూరానికి లెక్క

పొడి తారు రోడ్డు మీద, మంచి టైర్లతో, తడబడకుండా గట్టిగా బ్రేకు వేయగలిగిన మనిషి, ప్రమాదాన్ని గుర్తించి చేయి కదపడానికి ఒకటిన్నర సెకను తీసుకుంటాడనుకుంటే లెక్క సుమారుగా ఇలా వస్తుంది:

- గంటకు 40 కిలోమీటర్ల వేగంలో: 27 మీటర్లు
- గంటకు 60 కిలోమీటర్ల వేగంలో: 48 మీటర్లు
- గంటకు 80 కిలోమీటర్ల వేగంలో: 74 మీటర్లు

ఆర్టీసీ బస్సు పొడవు పదకొండు, పన్నెండు మీటర్లు ఉంటుంది. అరవైలో వెళుతున్నప్పుడు మీకు నాలుగు బస్సుల పొడవు, ఎనభైలో ఆరు బస్సులకు పైగా పొడవు కావాలి. వేగం రెట్టింపైతే ఆగే దూరం రెట్టింపుతో సరిపెట్టుకోదు. నలభైకి, ఎనభైకి మధ్య తేడాను పైన చూడవచ్చు.

5. ఏ వాహనంతో ఏ జాగ్రత్త

5.1 అడ్డంగా తిరిగే కారు

ఊళ్ల దగ్గర డివైడరు మధ్య వదిలిన ఖాళీల్లోనూ, పట్టణాల కూడళ్లలోనూ ఎక్కువ ప్రమాదాలు దాదాపు ఇలాగే మొదలవుతాయి. ఎదుటి నుంచి వచ్చే కారు కుడికి తిరుగుతూ మీ దారికి అడ్డం వస్తుంది, లేదా పక్క రోడ్డు నుంచి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. చేయవలసిన వరుస ఇది:

1. కూడలి వంద మీటర్ల దూరంలో కనబడగానే యాక్సిలరేటరు వదిలి, నాలుగు వేళ్లను ముందు బ్రేకు మీద, కాలిని వెనుక బ్రేకు మీద ఆనించి ఉంచాలి.
2. వేగాన్ని నలభైకి దించాలి.
3. అద్దం చూసి, వరుస లోపలే ఒక అడుగు అటు, ఒక అడుగు ఇటు మెల్లగా జరగాలి. మూడో భాగంలో చెప్పిన "నిలిచి ఉన్నట్లు అనిపించే" మాయ ఆ కదలికతో తెగిపోతుంది.
4. హెడ్‌లైటు వెలుగుతూ ఉండాలి. 2017 తరువాత తయారైన బండ్లలో ఇంజను నడుస్తున్నంతసేపూ అది దానంతటదే వెలుగుతుంది. పాత బండి ఉన్నవారు చేత్తో వేసుకోవాలి.
5. హారను ఒక్కసారి చిన్నగా మోగించి, కారు ముందు చక్రం మీద చూపు ఉంచాలి.
6. చక్రం కదిలితే అప్పటికే బ్రేకు మీద ఉన్న చేతితో ఆపేయాలి.

ఇక్కడ తరచు జరిగే పొరపాటు ఒకటుంది, నేనే చేశాను. కావలి దాటి నెల్లూరు వైపు వస్తూ ఒక లారీకి దగ్గరగా, దాని నీడన హాయిగా పోతున్నాను. ఒక ఊరి ఖాళీ దగ్గర కుడికి తిరగడానికి ఆగి ఉన్న కారువాడు, లారీ దాటగానే రోడ్డు ఖాళీ అయిందనుకుని కదిలాడు. లారీ వెనుక నేను ఉన్న సంగతి అతడికి తెలిసే మార్గం లేదు. బండి పడలేదు గాని, అతడి బంపరుకు నా మోకాలికి మధ్య జానెడు ఎడం మాత్రమే మిగిలింది. పెద్ద వాహనం వెనుక కూడలి దాటేటప్పుడు కనీసం "నూట నాలుగు" ఎడం ఉండాలి. అంత ఖాళీ ఉంటేనే లారీ దాటాక అతడికి మీరు కనబడతారు, మీకు అతడు కనబడతాడు.

5.2 ఎదురు దారిలో వచ్చేవారు

పెట్రోలు బంకు, హోటలు, ఊరి మలుపు అర కిలోమీటరు వెనుక ఉంటే, యూటర్ను దాకా పోవడానికి బద్ధకించి జాతీయ రహదారి మీదనే ఎదురు వచ్చేవారు మన జిల్లాల్లో కొల్లలు. 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్ దీన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్‌గానే లెక్కిస్తుంది.

వీరు దాదాపు ఎప్పుడూ మీ ఎడమ అంచును పట్టుకునే వస్తారు. బంకులు, దాబాలు, సర్వీసు రోడ్డు కలిసే చోట్లు కనబడగానే అంచుకు దూరంగా జరిగి వేగం తగ్గించాలి. ఎదురైనప్పుడు అటూ ఇటూ ఊగకూడదు. ఇద్దరూ ఒకే వైపుకు తప్పుకుంటే గుద్దుకోవడం తథ్యం. మీ గీతలో మీరు స్థిరంగా ఉండి, వేగం దించి, అతడిని అంచుకే వదిలేసి, అద్దం చూసుకుని అతడు మీకు ఎడమవైపు ఉండేలా దాటాలి.

5.3 షేర్ ఆటోలు

ఆటో డ్రైవరు కళ్లు రోడ్డు మీద ఉండవు, రోడ్డు పక్కన నిలబడిన మనుషుల మీద ఉంటాయి. కాబట్టి మీరు కూడా ఆటోను వదిలి ఆ మనుషులను చూడాలి. ముందు యాభై గజాల్లో ఒక చేయి లేచిందంటే, ఇండికేటరు వెలిగినా వెలగకపోయినా ఆటో ఎడమకు కోసుకుని ఆగుతుంది. కొందరు కుడికాలు బయటపెట్టి సంకేతం ఇస్తారు; డ్రైవింగ్ పుస్తకంలో లేకపోయినా, దాన్ని నమ్మవచ్చు.

- ఆటోను ఎడమవైపు నుంచి ఎన్నడూ దాటకూడదు.
- ఆగిన ఆటో పక్క నుంచి పోయేటప్పుడు కనీసం ఒక మనిషి చేయి చాచినంత ఖాళీ ఉండాలి. దిగేవారు కుడివైపు నుంచి కూడా దిగుతారు.
- ఆగిన ఆటో వెనుక చూడకుండానే మళ్లీ రోడ్డెక్కుతుంది. దాని ముందు చక్రం కుడికి తిరిగి ఉంటే దాటవద్దు.

కూలీలను ఎక్కించుకుని తెల్లవారుజామున పొలాలకు పోయే ఆటోలకు వెనుక దీపాలు కనబడవు. వేలాడే కాళ్లు, సద్ది క్యారియర్లే అడ్డం. ఆ వేళ ఆ దారుల్లో నలభై దాటకుండా ఉంటే మంచిది.

5.4 లారీలు, ట్రెయిలర్లు, బస్సులు

లారీ అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనబడకపోతే, అతడికి మీరు కనబడరు. ఎడమ పక్క తలుపు కింద, ముందు బంపరుకు అతి దగ్గరగా, వెనుక డాలాకు ఆనుకుని ఉన్న చోట్లలో మీరు అతడి లెక్కలోనే లేరు. లారీ పక్కన సమంగా నడవకూడదు. ఖాళీ ఉంటే త్వరగా దాటాలి, లేకుంటే పూర్తిగా వెనుకే ఉండాలి.

కృష్ణపట్నం ఓడరేవు దారిలో పొడవైన ట్రెయిలర్లు ఎడమకు తిరగడానికి ముందు కుడికి జరుగుతాయి. ఆ ఎడమ ఖాళీని చూసి దూరినవారిని వెనుక చక్రాలు లోపలికి కోసుకుంటూ వచ్చి నొక్కేస్తాయి. చీమకుర్తి నుంచి గ్రానైటు రాళ్లతో ఒంగోలు వైపు దిగే లారీలు బరువు వల్ల తేలికగా ఆగవు. వాటిని దాటిన వెంటనే ముందుకు కోసుకుని బ్రేకు వేయడం కన్నా తెలివితక్కువ పని లేదు.

సంకేతాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. లారీ కుడి ఇండికేటరు వేస్తే అది కుడికి తిరుగుతానని కావచ్చు, ఎదురు బండి ఉంది దాటవద్దని కావచ్చు, దాటిపొమ్మని కూడా కావచ్చు. ఒక్కో డ్రైవరుది ఒక్కో బాస. ఎదురుగా వచ్చేవాడు హెడ్‌లైట్లు టపటప కొట్టాడంటే మన దగ్గర దాని అర్థం "నేను ఆగను, నువ్వు ఆగు" అనే. కూడలిలో తిన్నగా పోవడానికి నాలుగు పార్కింగ్ లైట్లు వేసేవారు ఉన్నారు. ఒక పక్క నుంచి చూసేవాడికి అది మలుపు సంకేతంలా కనబడుతుంది. ఏ దీపాన్ని నమ్మి ముందుకు వెళ్లకూడదు. ఎదురు రోడ్డు మీ కళ్లతో చూసిన తరువాతే దాటాలి.

ఆగిన బస్సు ముందు నుంచి దిగినవారు రోడ్డు దాటుతారు కనుక, బస్సు ముందు భాగం దాటే వరకు పరుగెత్తే మనిషి వేగానికి మించకూడదు.

5.5 ట్రాక్టర్లు, గేదెలు, రోడ్డు మీది ధాన్యం

వరిగడ్డి ట్రాక్టరు తొట్టికన్నా గడ్డి అటూ ఇటూ మూరెడు బయటకు ఉంటుంది. ఒంగోలు, టంగుటూరు వైపు పొగాకు వేలం రోజుల్లో బేళ్ల ట్రాక్టర్లకు వెనుక ఎర్ర బిళ్ల కూడా ఉండదు. వీటిని దాటే ముందు, ట్రాక్టరు పొలం దారిలోకి తిరగవచ్చేమోనని కుడివైపు గట్టు మీద బాట ఉందా అని చూడాలి.

గేదెల విషయంలో సూత్రం ఒక్కటే: ఒకటి దాటిందంటే దాని వెనుక మరొకటి ఉంది. హారను కొడితే బెదిరి మీ వైపే తిరుగుతాయి. ఆగి, కాపరికి వదిలేయడమే దగ్గరి దారి.

నెల్లూరు మాగాణి ప్రాంతంలో కోతల తరువాత పల్లె రోడ్లలో సగం వెడల్పు వడ్లతో నిండుతుంది. మెట్ట ప్రాంతాల్లో అయితే బండ్ల చక్రాల కింద నలగాలని ఉలవ కట్టె, కంది కట్టె రోడ్డు మీదనే పరుస్తారు. రైతును నేను తప్పుపట్టను. కళ్లం చోటు లేనివాడు ఎక్కడ ఆరబెడతాడు? అయితే గింజలు టైరు కింద గోలీల్లా దొర్లుతాయి, కట్టె జారుతుంది, అంతకన్నా ముఖ్యంగా వడ్ల చుట్టూ పేర్చిన రాళ్లు ధాన్యం ఎత్తుకుపోయాక కూడా చాలాసార్లు అక్కడే మిగిలిపోతాయి.

- గింజల మీదకు వెళ్లక తప్పకపోతే బ్రేకు, వంపు, యాక్సిలరేటరు మూడూ లేకుండా తిన్నగా దొర్లిపోనివ్వాలి.
- వేగం తగ్గించడం గింజల మీదకు రాకముందే అయిపోవాలి.
- ఉన్న సగం రోడ్డులోనే ఎదుటివారు కూడా వస్తారు. మలుపులో ఆగడానికి సిద్ధంగా ఉండాలి.
- రాత్రి నల్ల పట్టా కప్పిన కుప్ప తారు రోడ్డులో కలిసిపోతుంది. పగలు వడ్లు చూసిన దారిలో రాత్రి ముప్పై దాటవద్దు.

5.6 ఆగిన కార్లు

నెల్లూరు ట్రంకు రోడ్డు వంటి బజారు వీధుల్లో ఆగిన కారు లోపల తల కనబడినా, బ్రేకు దీపం అప్పుడే ఆరినా తలుపు తెరుచుకుంటుందని అనుకోవాలి. ఒక తలుపు వెడల్పు దూరం వదిలి పోవాలి. అంత చోటు లేకపోతే నడక వేగానికి దిగాలి.

6. చివరి రెండు సెకన్లు

ఎంత ముందుచూపు ఉన్నా ఎప్పుడో ఒకసారి గట్టిగా బ్రేకు వేయవలసి వస్తుంది. ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామన్న భయంతో వెనుక బ్రేకు ఒక్కటే తొక్కేవారు మన దగ్గర అధికం. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదకు వస్తుంది కాబట్టి, ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. వెనుకది ఒక్కటే గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకుని, బండి అడ్డం తిరుగుతుంది.

ఆదివారం ఉదయం ఖాళీ మైదానంలోనో, రాకపోకలు లేని లేఅవుటు రోడ్డులోనో ఈ వరుసలో సాధన చేయాలి:

1. గంటకు 20 వేగంలో, బండి నిటారుగా ఉంచి, రెండు బ్రేకులూ కలిపి వేయాలి. ముందు బ్రేకును ఒక్కసారి గుంజకుండా నిమ్మకాయ పిండినట్లు మొదట మెత్తగా, తరువాత గట్టిగా నొక్కాలి.
2. చూపు బండి ముందు నేల మీద కాకుండా దూరంగా ఉండాలి. మోకాళ్లతో ట్యాంకును బిగించి పట్టుకోవాలి.
3. పది సార్లు సాఫీగా ఆగాక 30, తరువాత 40 వేగానికి వెళ్లాలి.
4. ముందు చక్రం కీచుమని జారితే లివరును ఆ క్షణం వదిలి మళ్లీ పిండాలి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండిలో లివరు చేతిలో దడదడలాడుతుంది, భయపడి వదలకూడదు. చిన్న బండ్లలో ఏబీఎస్ ముందు చక్రానికి ఒక్కటే ఉండవచ్చు కనుక మీ బండిలో ఏమి ఉందో ముందే తెలుసుకోవాలి.

పక్కకు తప్పించడం వేరుగా నేర్చుకోవాలి. నడుస్తున్న బండిలో ఎడమ పిడిని ముందుకు నెడితే బండి ఎడమకు వాలుతుంది, కుడి పిడిని నెడితే కుడికి. వింతగా అనిపించినా ఇది నిజం. ముప్పై వేగంలో మెల్లగా నెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. బ్రేకు, వంపు రెండూ ఒకేసారి గట్టిగా చేయకూడదు: ముందు బ్రేకు, దాన్ని వదిలి వంపు, లేదా ముందు వంపు, నిటారు అయ్యాక బ్రేకు.

చూపు ఎటు ఉంటే బండి అటే పోతుంది. గేదెను చూస్తూ తప్పించబోయినవాడు గేదెకే కొడతాడు. గేదెకు, గట్టుకు మధ్య ఉన్న ఖాళీని చూడాలి.

7. రాత్రి, వాన

డిమ్ లైటు మామూలు బండికి సుమారు నలభై మీటర్ల దాకా రోడ్డు చూపిస్తుంది. 4.3లోని లెక్కతో కలిపి చూస్తే, దీపాలు లేని దారిలో అరవై వేగం అంటే కనబడిన దూరంలో ఆగలేని వేగమే. దారి పక్కన దీపం, ఎర్ర బిళ్ల లేకుండా ఆగిన లారీకి వెనుక నుంచి తగిలే ప్రమాదాలకు ఇదే మూలం. ఎదుటి బండి వెలుతురు కళ్లలో కొడితే ఎడమ అంచున ఉన్న తెల్లగీతను చూస్తూ వేగం తగ్గించాలి; పోటీగా మనమూ డిప్పర్ కొట్టడం వల్ల ఇద్దరూ గుడ్డివాళ్లవుతారు.

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఎండిన రోడ్డు మీద మొదటి పావుగంట వాన చమురును, దుమ్మును తేల్చి అన్నింటికన్నా జారుడుగా చేస్తుంది. ఆ పావుగంట ఒక టీ కొట్టు దగ్గర ఆగితే పోయేది లేదు. రోడ్డు మీది తెల్ల పెయింటు, ఇనుప మూతలు, రొయ్యల లారీల నుంచి కారిన నీళ్లు కూడా అంతే. నెల్లూరులో రైల్వే అండర్ బ్రిడ్జిల కింద నీరు నిలిస్తే, ముందు బండి దాటిందని దిగవద్దు; కింద గుంత ఎక్కడుందో నీరు చెప్పదు.

8. వెంట్రుకవాసిలో తప్పిన తరువాత

చేతులు వణుకుతున్నప్పుడు బండి నడపకూడదు. సురక్షితమైన చోట ఆపి, నీళ్లు తాగి, పది నిమిషాలు కూర్చోవాలి. తప్పు చేసినవాడిని వెంటాడి తిట్టడానికి పోయి, ఆ కోపంలో తరువాతి కూడలిలో పడినవారిని చూశాను.

ఆ రోజు రాత్రి నాలుగు ప్రశ్నలకు జవాబులు ఒక చిన్న పుస్తకంలో రాయండి:

- ఎక్కడ, ఏ వేళ?
- అతడు నాకు మొదట కనబడినప్పుడు ఎంత దూరంలో ఉన్నాడు?
- నా చేయి అప్పటికి బ్రేకు మీద ఉందా?
- అంతకు ఐదు సెకన్ల ముందు నేను ఏమి మార్చి ఉంటే ఇది జరిగేదే కాదు?

నాలుగో దానికి "ఏమీ లేదు, తప్పంతా అతడిదే" అనే జవాబు రాయకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. అది నిజమైన సందర్భాలు ఉంటాయి, కాదనను. కాని అలా రాసిన పేజీ వల్ల నాకు ఎప్పుడూ ఉపయోగం కలగలేదు. ఆరు నెలల తరువాత తిరగేస్తే అవే రెండు మూడు చోట్లు, అదే వేళ మళ్లీ మళ్లీ కనబడతాయి. వాటి కోసం దారి మార్చుకోవచ్చు, లేదా పావుగంట ముందు బయలుదేరవచ్చు.

9. ఒకవేళ పడితే, లేదా పడినవారిని చూస్తే

- ముందుగా వెనుక వచ్చే వాహనాలను ఆపాలి; ఒకరు బాగా వెనుక, వచ్చేవారికి దూరం నుంచే కనబడే చోట నిలబడి చేయి ఊపాలి.
- అంబులెన్సుకు 108, అత్యవసర సహాయానికి 112, జాతీయ రహదారి మీద అయితే 1033.
- మంట, వాహనాల ముప్పు లేకపోతే గాయపడినవారిని ఎత్తి కూర్చోబెట్టవద్దు. ఊపిరి ఆడుతున్నంతవరకు హెల్మెట్ లాగవద్దు. మెడకు దెబ్బ తగిలి ఉండవచ్చు. నీళ్లు పోయవద్దు.
- కారే రక్తం మీద శుభ్రమైన గుడ్డను గట్టిగా అదిమి పట్టుకోవాలి.

సాయం చేస్తే పోలీసు స్టేషను చుట్టూ తిరగాలన్న భయం వదులుకోవచ్చు. మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ సదుద్దేశంతో సాయపడినవారికి రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని వారిని బలవంతపెట్టకూడదు. 2025 మేలో కేంద్రం ప్రకటించిన నగదురహిత చికిత్స పథకం కింద, గాయపడినవారికి గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా చికిత్స అందుతుంది. ఆసుపత్రిలో చేర్చేటప్పుడే ఆ సంగతి అడగాలి.

మీరే పడి, దెబ్బలు చిన్నవే అయినా, బండి మళ్లీ ఎక్కే ముందు హ్యాండిలు తిన్నగా ఉందా, బ్రేకు లివరు, పెడలు వంగాయా, ముందు చక్రం తగలకుండా తిరుగుతున్నదా అని చూడాలి. తల నేలకు తగిలి ఉంటే, పైకి గీతలు తప్ప ఏమీ కనబడకపోయినా, ఆ హెల్మెట్ లోపలి థర్మాకోల్ పొర ఒకసారికే పనిచేసి అణిగిపోయి ఉంటుంది. దాని పట్టీ కోసి పారేయాలి. లేకుంటే ఎవరో ఒకరు ఏరుకుని, తుడిచి, పిల్లవాడికి పెడతారు.